నాలుగో రోజు కుర్చీ

ఆ లోయలో లోకాన్ని ఏడాదికోసారి కొత్తగా చేస్తారు. మే నెల మొదట్లో, శిలువ పండుగ సాయంత్రం, దోన్యా లుదోవీనా వాకిట్లో ఆరు గడ్డికుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఆరుగురు పాటగాళ్లు వాటిలో కూర్చుని, గిటారు చేతులు మార్చుకుంటూ, తలా ఒక రోజు పాడతారు. మొదటి రోజు వెలుగు, రెండో రోజు ఆకాశం, మూడో రోజు నేలా చెట్టూ చేమా, నాలుగో రోజు సూర్యుడూ చంద్రుడూ చుక్కలూ, ఐదో రోజు చేపలూ పిట్టలూ, ఆరో రోజు పశువులూ, వాటి వెనకాలే మనిషీ. ఏడో రోజుకి పాట లేదు, భోజనం ఉంది. దేవుడు విశ్రాంతి తీసుకున్నాడంటే కడుపునిండా తినే తీసుకున్నాడని అక్కడివాళ్ల అభిప్రాయం. దాన్ని కాదనే ఫాదరు ఇంతవరకూ ఆ లోయకి బదిలీ కాలేదు.

ఒక్కో రోజుకి పది పాదాలు. తొమ్మిది పాదాలు పాడేవాడి ఇష్టం. పదోది మాత్రం అందరికీ ఒకటే: ‘చేసినవాడు చూశాడు, బాగుందన్నాడు.’ పాట మొదలయ్యాక మధ్యలో ఎవరూ ఆపకూడదు. అయ్యాక చప్పట్లు కొట్టకూడదు. పాడింది సరిగ్గా ఉందో లేదో నోటితో చెప్పే ఆచారం కూడా లేదు. తర్వాతివాడు అదే రాగం అందుకుంటే ఒప్పుకున్నట్టు, రాగం మారిస్తే ఆ రోజు చెల్లనట్టు.

కుర్చీలకి కూడా ఒక పద్ధతుంది. ఒక్కో కుర్చీ ఒక్కో ఇంటిది. ఆ ఇంటివాళ్లు పాడలేని ఏడాది, వాళ్ల రోజు ఎవరు పాడితే కుర్చీ వాళ్లింటికి పోతుంది. పోవడమంటే మాటవరసకి కాదు. భోజనాలయ్యాక కుర్చీని భుజానికెత్తుకుని నిజంగానే పట్టుకుపోతారు. ఇచ్చినవాళ్లు గుమ్మం దాకా సాగనంపాలి కూడా. ఇంతకన్నా కడుపుమంట మర్యాద ఇంకోటి నేను చూడలేదు.

నాలుగో రోజు కుర్చీ కుస్తోదియో ఇంటిది. ఆయన తాత కాలం నుంచీ ఆ ఇంటి గొంతే సూర్యుణ్ణి పొడిపిస్తూ వచ్చింది. అంతకుముందు ఎండాకాలంలో కుస్తోదియోకి గొంతులో కాయ లేచింది. రాజధానికి తీసుకెళ్లి కోయించారు. ప్రాణం దక్కింది గానీ, గొంతు కాయతోపాటే పోయింది. ఇప్పుడాయన మాట్లాడితే ఎండుటాకుల మీద కోడి నడిచినట్టు ఉంటుంది. చెవి దగ్గరపెడితే మాట తెలుస్తుంది. పాట సంగతి అడగక్కర్లేదు.

ఆయనకి ఒక్కతే కూతురు, నోల్ఫా. నలభైకి దగ్గర పడుతోంది, పెళ్లి ఊసెత్తితే పని ఉందంటుంది. ఉన్న మాటే. లోయ చివర కొండమీద ఉన్న పెద్ద టెలిస్కోపుని తిప్పే ఉద్యోగం ఆమెది. దేశదేశాల నుంచి చదువుకున్నవాళ్లు వచ్చి, ఫలానా మూల చూపించమంటారు. నోల్ఫా ఆ మూలకి తిప్పి, అది జారిపోకుండా పట్టుకుని కూర్చుంటుంది. చిన్నప్పుడు జడ వేసుకోవడం రాకముందే నాలుగో రోజు పది పాదాలూ తండ్రి దగ్గర నేర్చుకుంది. పదిహేనేళ్లు వచ్చేదాకా ఆయన కుర్చీ పక్కన నిలబడి గొంతు కలిపేది. లా సెరేనా పట్నంలో చదువు ముగించి వచ్చాక మాత్రం నోరు విప్పలేదు. ఎందుకని కుస్తోదియో ఎన్నడూ అడగలేదు. ఆయన గొంతు ఆయనకుండేది కాబట్టి అవసరం పడలేదు.

పండుగ రోజు పొద్దున నోల్ఫా లేచేసరికి తండ్రి కుర్చీని వంటింటి నేలమీద తిరగేసి, వదులైన గడ్డి అల్లికని దారంతో బిగిస్తున్నాడు. ఆమె రొట్టె వేడిచేసి, మేకజున్ను కోసి ముందు పెట్టింది.

"కుర్చీ ఎక్కడికి నాన్నా?"

"పండక్కి."

"పాడేదెవరంట?"

ఆయన దారం పంటితో తెంపి, గడ్డంతో ఆమెనే చూపించాడు.

"పదో పాదం నేను అననని నీకు తెలుసు కదా."

"అంటే ఏం? నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"అబద్ధమవుతుంది. నేను నమ్మంది ఆ కుర్చీలో కూర్చుని చెబితే పరువు పోయేది నాది కాదు, కుర్చీది. అది నీకు ఇష్టమేనా?"

కుస్తోదియో రొట్టె తుంచి జున్ను పెట్టుకుని, నమలడం అయ్యేదాకా కూతుర్ని చూస్తూ ఉన్నాడు. మింగడం ఆయనకి ఇప్పుడు పెద్ద పని.

"సరే. సూర్యుణ్ణి ఎవరు చేశారంటావు?"

"ఎవరూ చెయ్యలేదు నాన్నా. గ్యాసూ దుమ్మూ ఓచోట చేరి, దాని బరువుకి అదే కుంచించుకుపోయి, వేడెక్కి అంటుకుంది."

"ఆ గ్యాసు ఎవరు తెచ్చారు?"

"ఎవరూ తేలేదు. ఉంది."

"మనింటికి నాలుగుసార్లు ఫోను చేస్తే గానీ సిలిండరు రాదు. అక్కడికి మాత్రం చెప్పకుండానే వచ్చేసిందా?"

నవ్వకూడదనుకుంటూనే నోల్ఫా నవ్వేసింది. తండ్రి కూడా నవ్వాడు, అంటే భుజాలు కదిలాయి.

"దానికి ముందు ఏముందో మాకూ తెలీదు నాన్నా. తెలీదనే చెబుతాం."

"తెలీనప్పుడు లేదని ఎందుకంటావే?"

"లేదనట్లా. నేను చూడలేదంటున్నా. చూడనిదాన్ని చూసొచ్చినట్టు పాడమంటే ఎలాగ?"

కుస్తోదియో ఇంకేదో చెప్పబోయాడు. ఆ పూటకి ఉన్న గాలి అయిపోయింది. అరచేయి గొంతుకి ఆనించి, "నేనే పాడతాలే. కుర్చీలో కూర్చుంటే గొంతు అదే వస్తుంది," అన్నాడు.

రాదని ఇద్దరికీ తెలుసు. నోల్ఫాకి ఒళ్లు మండింది, ఆ మంటలోనే ఏడుపూ వచ్చింది. మధ్యాహ్నం దాటాక కుర్చీ తనే నెత్తికెత్తుకుని లుదోవీనా ఇంటికి నడిచింది. తండ్రి చేతులూపుకుంటూ వెనకాల వచ్చాడు, పెళ్లివారిలాగా.

లుదోవీనా వాకిట్లో శిలువకి కాగితం పూలు చుట్టి, కింద సీమదానిమ్మ పళ్లు పెట్టారు. పక్కన పొయ్యిమీద మూకుడు. నారింజ తొనలు వేసి కాచిన వైను వాసన వీధి దాకా వస్తోంది. ఆరో రోజు కుర్చీవాడు దోన్ సోసిమో అప్పటికే వచ్చి కూర్చున్నాడు. మేకల మందలున్న మనిషి. భక్తీ కోపమూ రెండూ ఎక్కువే, ఏది ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఆయన అల్లుడు గోడవారన నిలబడి సొంత గిటారుకి శ్రుతి చేసుకుంటున్నాడు. నాలుగో రోజు కుర్చీ మీద వాళ్ల కన్ను పడిందని లోయంతా తెలుసు.

"ఏమ్మా నోల్ఫా, కొండమీద దేవుడు కనబడ్డాడా?" అన్నాడు సోసిమో.

"ఇంకా లేదు దోన్ సోసిమో. కనబడితే ముందు మీ మేకలు మా గుమ్మడిపాదు మేసిన సంగతి చెబుతా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సోసిమో నవ్వలేదు.

"వేళాకోళం కాదమ్మా. లోకం దానంతటదే పుట్టిందనేవాళ్లకి నాలుగో రోజుతో పనేంటి? మా అల్లుడికి గొంతుంది, నమ్మకం ఉంది. మర్యాదగా వాడికివ్వండి. చీకటి పడ్డాక పరువు పోగొట్టుకోవడం దేనికి?"

"మా నాన్న పాడతాడు."

"ఆ మాట మీ నాన్నని చెప్పమను, వింటా."

కుస్తోదియో ఆ మాట విననట్టు కుర్చీ సర్దుకుంటున్నాడు. నోల్ఫా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. లుదోవీనా గుమ్మడి పిండితో ఒత్తిన సోపైపియాల పళ్లెం చేతికిచ్చి మూకుట్లో వెయ్యమంది. ఏడుపొచ్చే ఆడవాళ్లకి పని పురమాయించడం ఆవిడ పద్ధతి. ఎదుటివాళ్ల ముందు కంట నీరు కనబడితే నూనె పొగ మీదకి తోసెయ్యొచ్చు.

పొద్దు కొండ వెనక్కి వాలగానే పాట మొదలైంది. మొదటి రోజు బస్సు డ్రైవరుది. ఆయన వెలుగుని చేశాడు, కాస్త తొందరగానే, బస్సు తోలినట్టే. రెండో రోజు లుదోవీనా అన్నగారిది. ఆకాశం నిదానంగా సాగింది. మూడో రోజు గుమ్మడితోట రైతుది. చెట్టూ చేమా పుట్టించే రోజు ఆ రైతుకే రావడం కాకతాళీయమో దైవికమో తేలక ఊళ్లో ప్రతి ఏడూ చర్చ జరుగుతుంది. ఈ ఏడాది వానలు లేకపోయినా ఆయన మొక్కల్ని మాత్రం పచ్చగానే మొలిపించాడు. ‘చేసినవాడు చూశాడు, బాగుందన్నాడు’ అని ముగించి గిటారు పక్కకి అందించాడు.

కుస్తోదియో గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు ఎప్పటిలాగే కదిలాయి. రాగం మూడో రోజుది అలాగే అందుకున్నాడు. పాట ఎత్తుకునే చోటు వచ్చింది. నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మెడ నరాలు లేచాయి, ముఖం ఎర్రబడింది, పెదాలు ఒక్కొక్క మాటనీ తప్పు లేకుండా పలుకుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఆ పెదాల మీద పాదం పాదమూ నోల్ఫా చదవగలిగింది. మూకుట్లో సోపైపియాలు మాడుతున్నా ఆమెకి తెలియలేదు. తను అడ్డుపెట్టుకున్న నిజాయితీ మీద ఆ క్షణాన ఆమెకే అసహ్యం వేసింది.

కుస్తోదియో చేతులు ఆగిపోయాయి. గోడ దగ్గర సోసిమో అల్లుడు గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకి వేశాడు.

అప్పుడే ఐదో కుర్చీలోంచి దోన్ అర్సేనియో చెయ్యి చాచి గిటారు లాక్కున్నాడు. ఎనభై దాటిన మనిషి, లోయలో అందరికన్నా పెద్ద పాటగాడు, నోల్ఫాకి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి, ఆమె పిలుపులో పద్రీనో. కళ్లు మూసుకుని, చేపలు చేపలంటూ ఐదో రోజు ఎత్తుకున్నాడు.

అల్లుడు అలాగే నిలబడిపోయాడు. మొదలైన పాటని ఆపకూడదు. అర్సేనియో తీరిగ్గా సొరచేపని చేశాడు, నత్తల్ని చేశాడు, రాబందుకి రెక్కలు తొడిగాడు, పిచ్చుకలకి కూత నేర్పాడు. పది పాదాలూ పూర్తిచేసి కళ్లు తెరిచి, "ఏంటి అందరూ అలా చూస్తున్నారు?" అన్నాడు.

"నాలుగో రోజేది?" అన్నాడు సోసిమో.

"అవలేదా?"

"సూర్యుడు లేకుండా పిట్టల్ని వదిలావయ్యా. అవి చీకట్లో గోడలకి కొట్టుకుని చస్తాయి."

"చేపలకి పర్లేదులే. వాటికి అడుగున చీకటే కదా," అన్నాడు బస్సు డ్రైవరు.

వాకిలి గొల్లుమంది. పెద్దాయనకి మతి తప్పిందన్నారు కొందరు. వయసు మీదపడితే రోజులన్నీ కలిసిపోతాయన్నారు కొందరు. సోసిమోకి మాత్రం నవ్వు రాలేదు. లేచి నిలబడి, "నేను ఆరో రోజు పాడను. సూర్యుడు లేని లోకంలోకి నా మేకల్ని దింపను. నాలుగో రోజు ఎవరో ఒకళ్లు ఇప్పుడు పాడాలి. పాడితే ఆ ఇల్లన్నా పాడాలి, లేకపోతే మావాడన్నా పాడతాడు," అన్నాడు.

లుదోవీనా మూకుట్లోంచి మాడిన సోపైపియాలు తీసి అవతల పడేసింది. ఇల్లు ఆవిడది. పండుగలో వేళ చెప్పే హక్కు ఇల్లాలిదే.

"ఇంకో వాయి వేస్తున్నా. ఇది వేగి తేలేదాకా చూద్దాం. ఆ తర్వాత మీ ఇష్టం," అంది.

నోల్ఫా చేతులు తుడుచుకుని అర్సేనియో దగ్గరికి వెళ్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. ఆయన వెచ్చటి వైను ఊదుకుంటూ తాగుతున్నాడు.

"పద్రీనో, నిజం చెప్పు. మర్చిపోయావా, కావాలనే చేశావా?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకు తెలీట్లా. మర్చిపోతే మర్చిపోయానను. మాకోసం చేస్తే చేశానను."

"చెప్పనే."

"చెబితే నీ సొమ్మేం పోయింది?"

"మర్చిపోయానంటే ముసలాడి మీద జాలిపడి ఇంటికెళ్తావు. కావాలని చేశానంటే మొహమాటానికి పాడతావు. రెండూ నాకొద్దు." అర్సేనియో గ్లాసు కింద పెట్టాడు. "ఎలా వచ్చిందో నీకెందుకమ్మా? సందు వచ్చింది. అందులోకి అడుగు పెడతావా, పెట్టవా?"

నోల్ఫా ఆయన ముఖంలో వెతికింది. ఎనభై ఏళ్ల ముడతల్లో ఏ మూలా ఆనవాలు దొరకలేదు. కొండమీద ఎన్ని రాత్రులు, ఇదంతా దానంతటదే వచ్చిందా, ఎవరైనా కావాలని చేశారా అనే ఇలాంటి ప్రశ్నతోనే గడిపింది, ఆకాశంలో ఎంత దూరం చూసినా ఏమీ చెప్పని ఇదే ముఖం. కానీ అక్కడ ఎప్పుడూ ఆమెకి ఈ మొండితనం మీద కోపం రాలేదు. చూస్తూ కూర్చోవడమే ఇష్టంగా ఉండేది. ఏదీ తెలియకపోయినా, అక్కడ ఏదో ఉన్నందుకే సంతోషంగా ఉండేది.

"పదో పాదం నావల్ల కాదు పద్రీనో."

"పదోది పదో పాదం దగ్గర చూసుకుందాం. ముందు ఆ తొమ్మిదీ పాడి చావు, సోపైపియాలు వేగిపోతున్నాయి."

ఆమె లేచింది. తండ్రి కుర్చీలోనే ఉన్నాడు, తల వంచుకుని, ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. కూతురు వెనక వచ్చి నిలబడితే తల ఎత్తలేదు. గిటారు తీసుకోమని భుజం తట్టింది. ఆయన అప్పుడు తిరిగి చూశాడు. పక్క కుర్చీలోంచి గిటారు అందుకుని, ఆపిన చోటి నుంచే రాగం ఎత్తుకున్నాడు. ఆయన కూర్చుని వాయిస్తుంటే ఆమె వెనక నిలబడి పాడింది. పాతికేళ్లుగా వాడని గొంతు మొదట్లో గీరుకుంది, తర్వాత దారి దొరికింది.

చీకటి నిండిన చోటే అంతా,
చల్లని దుమ్మే దాని ఆస్తి.
దుమ్ము దుమ్మును దగ్గరికి పిలిచి
ముద్దై, వేడై, సూర్యుడైంది.
చుక్కలు కోట్లుగ అంటుకున్నవేళ
చూసే కన్ను ఒక్కటీ లేదు.
ఎవరికోసమని అడగని వెలుగు
ఆగక నడిచి నా కంట పడింది.

తొమ్మిదో పాదం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది. తండ్రి వేళ్లు రాగాన్ని ఒక చుట్టు ఎక్కువ తిప్పి ఆమెకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాయి. ఆయన ముఖం ఆమెకి కనబడటం లేదు. ఏమైతే అయిందని పాడేసింది.

మొదట ఎవరున్నారో నే చూడలేదు,
ఉన్నది చూశాను, బాగుంది.

పదో పాదం మారిందని చిన్నపిల్లలకి కూడా తెలిసింది. లుదోవీనా చిల్లుల గరిటె పట్టుకుని మూకుడి మీద అలాగే ఆగిపోయింది. కుస్తోదియో గిటారు మీద చెయ్యి ఆనించి తీగల్ని మూసేశాడు. అందరి కళ్లూ ఆరో కుర్చీ వైపు తిరిగాయి. ఐదో రోజు అయిపోయింది కాబట్టి తర్వాతివాడు సోసిమో. చెల్లుతుందో లేదో ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. గోడ దగ్గర అల్లుడు మావగారి ముఖంలోకే చూస్తున్నాడు.

సోసిమో చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చివరికి నోరు విప్పి, "చంద్రుడేడి?" అన్నాడు.

నోల్ఫాకి అర్థం కాలేదు. "ఏంటి?"

"చంద్రుడమ్మా. సూర్యుణ్ణి పెట్టావు, చుక్కల్ని పెట్టావు. నాలుగో రోజున చంద్రుడు కూడా ఉండాలి కదా. మర్చిపోయావా, కావాలనే వదిలేశావా?"

నోల్ఫా రెండు చేతులతో ముఖం మూసుకుంది. నిజంగానే మర్చిపోయింది. కొండమీద పనిచేసేవాళ్లకి చంద్రుడి పేరెత్తితే చిరాకు. అది నిండుగా వచ్చిన రోజున మసకగా ఉండేవేవీ కనబడవు, పని సగం ఆగిపోతుంది. ఇన్నేళ్లుగా తిట్టుకుని తిట్టుకుని, లోకం చేసేటప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. దేవుణ్ణి వదిలేసిందని రాళ్లు పడతాయనుకుంటే, చంద్రుణ్ణి వదిలేసి పట్టుబడింది. ఈ మాట పైకి ఒప్పుకుంటే బస్సు డ్రైవరు కుర్చీలోంచి కిందపడేలా నవ్వాడు.

"నువ్వు తిట్టుకో. నా మేకలు గుట్ట దిగేది ఆ వెలుగులోనే," అన్నాడు సోసిమో. తర్వాత అల్లుడి వైపు చూడకుండా, కుస్తోదియో వైపు చెయ్యి చాచాడు. "గిటారు ఇటివ్వు."

ఇచ్చారు. సోసిమో తీగలు ఒకసారి మీటి చూసుకున్నాడు. వచ్చింది అదే రాగం. కుస్తోదియో వాయించిన రాగమే, ఒక్క స్వరం మార్చకుండా. ఆరో రోజు పాట ఆయన ఏటా పాడేదే, అందరికీ కంఠతా వచ్చినదే, కానీ ఆ రోజు అలా మొదలవలేదు.

అమ్మాయి మరిచిన చందమామని
నా మేకల దారికి నేనే పెడతా.

వాకిట్లో ఎవరో గట్టిగా గాలి పీల్చుకున్నారు. అప్పు ఇచ్చినట్టు ఇచ్చేశాడు చంద్రుణ్ణి. ఆ తర్వాత మేకలు దిగాయి, గొర్రెలు దిగాయి, నక్క దిగింది, గుర్రం దిగింది. చివరికి మట్టి పిసికే పాదం వచ్చింది. సోసిమో గొంతు కాస్త తగ్గించాడు. ఆయనకి అలాంటి గొంతు ఉందని ఆ రోజుదాకా ఎవరికీ తెలియదు.

ఆఖర్న వచ్చాను ఆరోనాడు,
అప్పటికే దీపాలు వెలిగి ఉన్నాయి.
పెట్టినవాణ్ణి నేనూ చూడలేదు,
చేసినవాడు చూశాడు, బాగుందన్నాడు.

పదో పాదం ఆయన మార్చలేదు. మార్చడు. చచ్చినా మార్చడు. ఆ పాదంలో ఆయనకి ప్రాణం ఉంది. కానీ దానికి ముందు పాదాన్ని, దేవుణ్ణి నమ్మని నోల్ఫాకోసం, తను నమ్మే దేవుడి ఎదుట, నిజం చెప్పడానికి వాడాడు. నోల్ఫా ఏడ్చింది. ఈసారి పొయ్యి దూరంగా ఉంది, నూనె పొగ మీదకి తోసే వీలు లేదు, అవసరమూ తోచలేదు.

"ముందు పాదం ఎక్కణ్ణుంచి తెచ్చారు దోన్ సోసిమో?" అని అడిగింది కళ్లు తుడుచుకుంటూ.

"ఎక్కణ్ణుంచీ తేలేదు. వచ్చింది," అన్నాడు సోసిమో ముభావంగా. ఒక క్షణం ఆగి, "నీ పాటలో దుమ్ములాగే అనుకో. లేదా ఆయనే పంపాడనుకో. నీకు ఏది అరిగితే అది. వచ్చే ఏడు మాత్రం చంద్రుణ్ణి నువ్వే పెట్టుకోవాలి, నేను అరువివ్వను," అన్నాడు.

ఏడో రోజు వచ్చింది, అంటే పళ్లేలు వచ్చాయి. అల్లుడు గిటారు సంచీలో పెట్టుకుంటుంటే లుదోవీనా వెళ్లి అందరికన్నా ముందు అతని పళ్లెంలో సోపైపియాలు వేసింది. భోజనం దగ్గర ఆ లోయలో ఒక మర్యాద ఉంది. పాడినవాళ్లే, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని తింటారు. మిగతావాళ్లకి గోడలూ గట్లూ ఉన్నాయి.

నోల్ఫా తన పళ్లెం తీసుకుని గోడ వైపు నడిచింది. వెనకనుంచి ఎవరో కొంగు లాగినట్టు జాకెట్టు లాగారు. కుస్తోదియో లేచి నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన దాని మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"వద్దు నాన్నా. అది నీది," అంది నోల్ఫా. ఆయన కదలకపోతే దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకి వినబడకుండా, "నాకింకా నమ్మకం కుదర్లేదు. కూర్చుంటే కుదిరిందనుకుంటారు," అంది.

కుస్తోదియో ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆకుల మీద కోడి నడిచింది.

"నాకు గొంతు లేదు. నీకు నమ్మకం లేదు. ఒక్క కుర్చీకి ఇద్దరం కలిసి సరిపోతాంలే. కూర్చో."

నోల్ఫా కూర్చుంది. ఆయన ఆమె పళ్లెంలోంచి ఒక సోపైపియా తీసుకుని, కుర్చీ వీపుమీద మోచెయ్యి ఆనించి, నిలబడే నిదానంగా నమలసాగాడు.